వట్టి వేరు

వేళచ్చేరి మాల్‌లో రెండో అంతస్తు,
ఎస్కలేటర్ దిగగానే ఎడమ చేతి కౌంటర్ నాది.
యాభై మిల్లీలీటర్ల ఆకుపచ్చ సీసా
పదకొండు వేల నాలుగు వందలు.

ముంబై నుంచి వచ్చిన ట్రైనింగ్ మేడమ్
మా ఆరుగురినీ వరసగా నిలబెట్టి పలికించింది:
"వెటివేర్. ఫ్రెంచి మాట.
చివరి ర్ గొంతులో గరగరలాడాలి,
నీళ్ళు పుక్కిలించినట్టు."
పుక్కిలించాం.

కాగితపు పట్టీ మీద ఒక్క చుక్క
ఊపి ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఫ్రాన్సేమీ రాలేదు.
సూళ్ళూరుపేటలో ఏప్రిల్ మధ్యాహ్నం,
మా పెద్దమ్మ కూజా మూత తీసింది.

"ఇది మా వట్టివేరు మేడమ్" అన్నాను.
"కాదు కాదు, అది కూలర్లలో పెట్టే గడ్డి.
అది వేరు, ఇది వేరు" అని ఇంగ్లీషులో చెప్పింది.
నాకు మాత్రం తెలుగులోనే వినబడింది.
నిజమే మేడమ్, అన్నాను,
అదీ వేరే, ఇదీ వేరే.

మంగళవారం నా సెలవు.
ప్యారిస్ కార్నర్‌లో బస్సు దిగి
గోవిందప్ప నాయకన్ వీధిలో శొంఠి బస్తాల ఘాటు దాటితే
రంగమన్నార్ నాయుడి కొట్టు.
ఎన్ని తరాలుగానో తమిళంలో పద్దులు రాస్తూ
తెలుగులో తుమ్మే వంశం.

"వెట్టి అంటే అరవంలో తవ్వేది, నరికేది.
తవ్వి తీసిన వేరు, అంతే గదమ్మా.
పనికిమాలిందనే అర్థం గూడా ఉండాది,
ఎవురికి తెలుసు!
ఫ్రెంచోడు మూట గట్టుకున్నప్పుడు
పేరు గూడా మూటలోనే పోయింటాది.
ఇంగ్లీషోడు వాడి కాడ ఎరువు తెచ్చుకున్నాడు,
మళ్ళ తిరిగియ్యలా."

వెట్టి అంటే మా వైపు
కూలి లేని చాకిరీ అని నేను చెప్పలేదు.
వట్టి అంటే లోపల ఏమీ లేనిదనీ చెప్పలేదు.
నోరు తెరవబోయేంతలో
అంజలై నెత్తి మీది మూట దించింది.

రాత్రంతా కడలూరు బస్సులో
ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట.
గోళ్ళ కింద ఇంకా ఇసక.
పైన గడ్డి కొయ్యాలి, మోకాళ్ళ మీద తవ్వాలి,
పోగు తెగకుండా లాగాలి,
దులపాలి, కడగాలి, ఎండెయ్యాలి.
కిలోకి నూట ఎనభై అడిగింది.
నాయుడు నూట యాభై దగ్గర
దగ్గుతూ ఆగిపోయాడు.

దీన్ని మీరేమంటారు, అని
నా వచ్చీరాని తమిళంలో అడిగాను.
ఎగాదిగా చూసింది,
చేతిలో ఉన్న చెయ్యి పేరు అడిగినట్టు.
"వేర్" అంది.
ముందు ఏ మాటా లేదు.
తవ్వే మనిషి తవ్విందని
వేరే చెప్పక్కర్లేదేమో.

నలభై రూపాయలకి రెండు కట్టలు కొన్నాను.
మర్నాడు స్టాఫ్ రూమ్ నీళ్ళ క్యాన్‌లో ఒకటి వేస్తే
సెక్యూరిటీ కుర్రాడు గ్లాసు వాసన చూసి
ఎవరో సీసా పగలగొట్టారని
మేనేజర్‌కి ఫోన్ చేశాడు.
సీసాలు లెక్కపెట్టారు. సరిపోయాయి.
మళ్ళీ లెక్కపెట్టారు.

ఆ రాత్రి సూళ్ళూరుపేట లోకల్.
గుమ్మిడిపూండి దాటాక బండి వదులవుతుంది.
ఆరంబాక్కంలో పల్లీల అబ్బాయి దిగిపోయాడు.
ఒళ్ళో బ్యాగు, బ్యాగులో రెండో కట్ట,
దాని మీద నా టిఫిన్ డబ్బా నీళ్ళు కారి
పెట్టంతా ఒకటే వాసన.
ఎదురు సీట్లో పెద్దాయన నిద్రలోనే
గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

తడ బోర్డు మీద గుండ్రటి అక్షరాలు కనబడేసరికి,
సముద్రాల మీదో కౌంటర్ల మీదో
ఎక్కడ జారిపోయిందో గానీ
మాట చివరి చిన్న ఉకారం
దానంతటదే వచ్చి
నా నాలుక మీద కూచుంది.

వేరు.

పొద్దున ఆరుంపావు బండికి
మళ్ళీ పుక్కిలించాలి.